ఏడున్నర నుంచి ఎనిమిది దాకా

టీవీ ఛానెల్లో ఉత్తరాలు చదివే సార్‌కి, లేకపోతే మేడమ్‌కి,

నమస్తే. మా స్కూల్లో ఉత్తరం అంటే లీవ్ లెటర్ ఒక్కటే నేర్పించారు, అదీ ఇంగ్లీషులో. జ్వరం అని రాసి సంతకం పెట్టడం తప్ప నాకేం రాదు. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

మీ 'బీరువా తాళం' సీరియల్‌ని ఎందుకు మార్చారు? రెండేళ్ళుగా అత్తగారు ఆ తాళం బొడ్లో దోపుకుని తిరుగుతోంది. లోపల ఏముందో తెలీక కోడళ్ళిద్దరూ చస్తున్నారు. ఊరంతా చూస్తోంది. అలాంటిది పోయిన సోమవారం ఏడున్నరకి పెడితే అదే పాట, అదే బీరువా, కానీ దాని ముందు మా వయసు పిల్లలు డ్యాన్స్ చేస్తున్నారు. గెలిచినవాళ్ళకి తాళం ఇస్తారట. అత్తగారు జడ్జి సీట్లో కూర్చుని మార్కులేస్తోంది.

మీకిది చిన్న విషయం అయ్యుండొచ్చు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు.

మా ఇంట్లో ముగ్గురం. నాన్న, నానమ్మ, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్. షాపుల్లో తూకపు రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేస్తారు. ఇంట్లో కూడా అంతే, నేను బాత్రూంలో ఎన్ని నిమిషాలున్నానో బయటికి రాగానే చెప్తారు. ఏడున్నర అయ్యేసరికి నానమ్మ సౌండ్ ఫుల్‌గా పెడుతుంది, ఆవిడకి సరిగ్గా వినపడదు. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. సీరియల్స్ పనిలేనివాళ్ళకి అంటారు గానీ, ఆ పేపరు మధ్యలో గోళీకాయంత కన్నం ఉంటుంది. ఎనిమిది దాకా ఇద్దరూ కదలరు, మెదలరు.

ఆ అరగంట నేను ఇంట్లో ఉండను సార్. ఎక్కడుంటానో అడక్కండి. నేను వెళ్ళకపోతే ఒక మనిషికి చాలా కష్టం. అంతవరకే చెప్తాను.

సోమవారం డ్యాన్స్ మొదలవ్వగానే నాన్న పేపరు దించారు. టీవీ కట్టేశారు. గడియారం వైపు చూశారు, నా వైపు చూశారు. నా చెప్పులు అప్పటికే నా చేతిలో ఉన్నాయి. "లెక్కల పుస్తకం పట్టుకురా" అన్నారు. అప్పట్నుంచి రోజూ అదే.

బాగా నడిచేదాన్ని ఎవరైనా మారుస్తారా? ప్లీజ్, పాతది పెట్టేయండి.

ఇట్లు,
పేరు రాయడానికి భయపడే ఒక ప్రేక్షకురాలు

తా.క.: జవాబు మా ఇంటికి రాయొద్దు. స్కూలు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది, అడ్రస్ కవరు వెనక రాశాను. 'జిరాక్స్ ఆంటీ ద్వారా, రెండు జడల అమ్మాయికి' అని రాస్తే చాలు. మా స్కూల్లో అందరివీ రెండు జడలే, కానీ ఉత్తరాలొచ్చేంత ఖర్మ నాకొక్కదానికే.

*

చిరంజీవి రెండు జడల అమ్మాయికి,

ప్రేక్షకుల ఉత్తరాల విభాగం నుంచి ఆశీస్సులు. విభాగం అంటే పెద్ద హాలు ఊహించుకునేవు. లిఫ్టు పక్కన మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. ఈ ఏడాది వచ్చిన ఉత్తరాల్లో నీది రెండోది. మొదటిది లిఫ్టు బాగుచేసేవాళ్ళది, పొరపాటున నా బల్ల మీద పెట్టారు. అందుకని నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

సీరియల్ ఎందుకు మార్చామని అడిగావు. అడిగినవాళ్ళు లేక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సీరియల్ మొదటి స్థానంలోనే ఉంది, అనుమానం లేదు. కానీ చూసేదెవరు? అరవై దాటినవాళ్ళు. వాళ్ళు చూస్తే మోకాళ్ళ నూనెవాళ్ళూ, పళ్ళసెట్లవాళ్ళూ ప్రకటనలిస్తారు. ఫోన్లవాళ్ళు, స్కూటర్లవాళ్ళు మన గడప తొక్కరు. ఇలా ఉండగా ఏడాది కిందట ఒక వింత జరిగింది.

కొన్ని ఇళ్ళల్లో టీవీ పక్కన ఒక పెట్టె పెడతారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. ఎవరు చూస్తుంటే వాళ్ళ బటన్ నొక్కాలి. అలాంటి ఇల్లు ఒక్కటి కొన్ని వేల ఇళ్ళతో సమానం. ఏ ఇళ్ళో మాకు కూడా చెప్పరు, లెక్కలు మాత్రం పంపిస్తారు. మీ వైపు నుంచి పదిహేనేళ్ళ అమ్మాయిలు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిలు అప్పటిదాకా సున్నా. ఉన్నట్టుండి విరగబడి చూడ్డం మొదలెట్టారు. ఒక్క రోజు మానలేదు తల్లీ. సరిగ్గా ఏడున్నరకి వస్తారు, ఎనిమిదికి వెళ్ళిపోతారు. మా క్రియేటివ్ హెడ్ మేడమ్ ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది. ఇంతమంది అమ్మాయిలు చూస్తుంటే ఇంకా ముసలి బీరువా ఏమిటి, వాళ్ళకి నచ్చేట్టు మార్చేద్దాం అంది. మార్చేశారు.

అంటే నీలాంటివాళ్ళ కోసమే మార్చామన్నమాట. ఇప్పుడు నిద్ర పడుతుందనుకుంటాను.

ఎప్పటికీ నీ మేలు కోరే,
ఉత్తరాల సార్

తా.క.: బీరువాలో ఏముందో నాకు తెలుసు. స్క్రిప్టులు జిరాక్స్ తీసేది నేనే. ప్రాణం పోయినా చెప్పను, కాబట్టి అడగొద్దు. కావాలంటే ఒకసారి అడుగు.

*

ఉత్తరాల సార్‌కి,

నమస్తే. మీ ఉత్తరం ఆంటీ షాపులోనే నిలబడి చదివాను. నా మొహం చూసి ఆంటీ స్టూలు వేసి మంచినీళ్ళిచ్చింది.

సార్, ఒక ఇంట్లో అలాంటి పెట్టె ఉందనుకోండి. ఉందని నేను అనట్లేదు. ఎవరికీ చెప్పకూడదని ఆ ఇంటి నాన్నతో సంతకం పెట్టించుకున్నారనుకోండి. ఒకటో బటన్ నాన్నది, రెండోది నానమ్మది, మూడోది అక్కది, నాలుగోది చెల్లిది. అక్కకి ఇరవై నాలుగు. చెల్లికి పదిహేను. కానీ అక్క ఏడాదిగా ఆ ఇంట్లో లేదు. చెల్లి ఆ అరగంట ఇంట్లో ఉండదు. మరి మూడూ నాలుగూ రోజూ ఎవరు నొక్కుతున్నారు?

ఎక్కడికెళ్తానో చెప్పేస్తున్నాను. మా అక్క దగ్గరికి. అక్క తనకి నచ్చిన బస్సు డ్రైవర్ని పెళ్ళి చేసుకుంది. బావ మంచివాడే. కానీ ఆ రోజు నాన్న అందరి ముందూ, "ఆ గుమ్మం తొక్కినవాళ్ళు నా గుమ్మం తొక్కక్కర్లేదు" అన్నారు. నాన్న మాట ముద్ర పడ్డ తూకపు రాయిలాంటిది, మారదు. నన్ను పట్టుకుంటే హాస్టల్లో పడేస్తారు. అప్పుడు అక్కకి ఎవరూ ఉండరు.

వాళ్ళు ఉండేది రెండు వీధులవతల, ఇస్త్రీ షాపు మీద ఒక్క గదిలో. కుళాయి కింద ఉంది. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకే నీళ్ళొస్తాయి. అక్కకి ఎనిమిదో నెల, బరువు ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు అంది డాక్టరు. బావ డ్యూటీ దిగేసరికి పది. అందుకని నేను పరిగెత్తుకెళ్ళి నాలుగు బకెట్లు పైకి మోసి, అక్క పాదాలు కాసేపు నొక్కి, మళ్ళీ పరిగెత్తుకొచ్చేదాన్ని. నిన్న లంచ్ బెల్లులో చూసొచ్చాను. తనే రెండు బకెట్లు మోసుకుందట. గోడకి చెయ్యి ఆనించుకుని, ఊపిరి ఆగి ఆగి చెప్తూ, ఏం కాలేదులేవే అని నవ్వింది.

ఆ బటన్లు నానమ్మే నొక్కుతోందని నా డౌటు. అడిగితే, "షాక్ కొడుతుందని మీ నాన్న చెప్పాడు, నాది తప్ప ముట్టుకోను" అంది. నానమ్మ అబద్ధం చెప్తుంటే రెండో ప్రశ్న వినపడదు. నిన్న నా రెండో ప్రశ్న వినపడలేదు.

అమ్మాయిలెవ్వరూ చూడట్లేదు సార్. ఒక్కరు కూడా. ప్లీజ్, పాతది పెట్టేయండి.

ఇట్లు,
రెండు జడల అమ్మాయి

తా.క.: చదివాక చింపేయండి. చింపిన ముక్కల్ని కూడా చింపేయండి.

*

చిరంజీవి రెండు జడల అమ్మాయికి,

ఆశీస్సులు, అభినందనలు. నీ ఉత్తరం చింపలేదు, క్షమించు. మీటింగులో పైకి చదివాను. ముప్పై ఏళ్ళలో నన్ను మీటింగుకి పిలవడం ఇదే మొదలు, కుర్చీ కూడా వేశారు.

'అనుకోండి' అంటూ నువ్వు కల్పించిన పెట్టె కథకి మేడమ్ ముచ్చటపడిపోయింది. ఈ పిల్లకి రాసే చెయ్యి ఉంది, కనిపెట్టి ఉండు అంది. అమ్మాయిలెవ్వరూ చూడట్లేదన్న మాట కోపంలో రాశావని అందరం అనుకున్నాం. కోపం మంచిదే, అభిమానం ఉన్నచోటే ఉంటుంది.

ఇక అసలు సంగతి. నాన్నగారికి టీవీ గిట్టదు. అందుకని నువ్వు రోజూ రెండు వీధులు పరిగెత్తి అక్క ఇంట్లో సీరియల్ చూస్తున్నావు. నిండు నెలల మనిషి బకెట్లు మోసుకుంటూ కూడా మన సీరియల్ వదలట్లేదు. ఇది వినేసరికి మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అప్పటికప్పుడు నిర్ణయం జరిగిపోయింది. అక్కాచెల్లెళ్ళకి నలభై అంగుళాల టీవీ బహుమతి. వచ్చే శుక్రవారం సరిగ్గా ఏడున్నరకి కెమెరా వ్యాను, జిరాక్స్ ఆంటీని దారి అడిగి, మీ ఇంటి ముందు ఆగుతుంది. నాన్నగారు టీవీ ఎత్తుకుంటారు. అక్కణ్ణుంచి బ్యాండుతో అక్క ఇంటికి. నాన్నగారు స్వయంగా టీవీని అక్కగారి చేతిలో పెడతారు. డ్యాన్స్ పిల్లలు ముందు నడుస్తారు.

నీ ఆనందంలో భాగం పంచుకునే,
ఉత్తరాల సార్

తా.క.: అక్క ఇంటికి మెట్లెన్ని? కెమెరా ట్రాలీవాళ్ళు అడుగుతున్నారు.

*

సార్,

రావద్దు. ప్లీజ్, ఎవరూ రావద్దు. టీవీ వద్దు, బ్యాండు వద్దు.

నేను అక్క దగ్గరికి వెళ్ళేది సీరియల్ చూడ్డానికి కాదు సార్. అక్క ఇంట్లో టీవీయే లేదు. పెట్టే చోటు కూడా లేదు, నలభై అంగుళాలు పెడితే బావ బయట పడుకోవాలి. నేను వెళ్ళేది నీళ్ళు మొయ్యడానికి. సీరియల్ నేను ఒక్క ఎపిసోడ్ కూడా పూర్తిగా చూడలేదు. నాకు దాని పాట మాత్రం తెలుసు, ఎందుకంటే ఎనిమిదింటికి ఆ పాట రెండోసారి మొదలయ్యేలోపు నేను వంటింటి తలుపులోంచి లోపలుండాలి.

ఇక్కడ ఏడున్నర అయితే నాన్న నా ఎదురుగా కూర్చుంటున్నారు. రెండు కుళాయిలు ఒక తొట్టిని ఎన్ని గంటల్లో నింపుతాయి అనే లెక్క. మూడు రోజులుగా అదొక్కటే. నాన్న పెన్సిల్ పట్టుకుని దాని వైపు చూస్తారు. నేను గడియారం వైపు చూస్తాను. అటు అక్క కుళాయిలో నీళ్ళు వస్తూంటాయి, పోతూంటాయి. నానమ్మ టీవీ లేక గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది, అప్పుడప్పుడూ తనే ఆ పాట పాడుకుంటుంది. నేను అలవాటుగా వంటింటి తలుపు వైపు చూస్తాను.

మీరొస్తే నా పని అయిపోయినట్టే. నా ఉత్తరం మళ్ళీ ఒకసారి చదవండి సార్.

ఇట్లు,
రెండు జడల అమ్మాయి

తా.క.: మెట్లు పదకొండు. మీరడిగారని చెప్తున్నాను, రమ్మని కాదు.

*

తల్లీ,

మళ్ళీ చదివాను. ఈసారి సీరియల్ సంగతి పక్కనపెట్టి చదివాను. అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా టీవీ ఆఫీసులో ఉన్నాను కదా, ఎవరేం చెప్పినా టీవీ గురించే చెప్తున్నారనిపిస్తుంది.

పైకి పరిగెత్తాను. మేడమ్ వినలేదు. వ్యాను బుక్కయిందట, బ్యాండు మాట్లాడారట. ఏడుపు కూడా ఉంటే ఇంకా బాగుంటుంది, రానీ అంది.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. నువ్వు చిన్నపిల్లవి కాబట్టి తండ్రి అనుమతి కావాలని శనివారమే ఫారం పంపించేశాం. ఆయన పేరు తెలీదు. 'రెండు జడల అమ్మాయి తండ్రిగారికి, జిరాక్స్ ఆంటీ ద్వారా' అని రాశాను. రుజువు కోసం మన ఉత్తరాలన్నీ కాపీలు తీసి జతచేశాను. మొన్న నీ ఆఖరిది రాగానే, ఫైలు పూర్తిగా ఉండాలి కదా అని అదీ వేరే కవర్లో పంపేశాను. పంపాకే చదివాను. నన్ను తిట్టు తల్లీ.

సిగ్గుతో,
ఉత్తరాల సార్

తా.క.: ఆ కవర్లు ఆయన కంటే ముందు నీ చేతికే రావాలని లిఫ్టు ఎక్కినప్పుడల్లా మొక్కుకుంటున్నాను. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు.

*

ఉత్తరాల సార్‌కి,

నా చేతికి రాలేదు. నాన్న ఆఫీసు కాగితాలు జిరాక్స్ తీయించుకునేది అక్కడే. కవరు మీద తండ్రిగారికి అని ఉంది కదా, నేను తండ్రిగారికే ఇచ్చాను అంది ఆంటీ. మంగళవారం ఒకటి, నిన్న పొద్దున ఇంకోటి. ఇవాళ గురువారం.

నాన్న ఇంకా తిట్టలేదు. తిట్టేస్తే బాగుండు. మంగళవారం అన్నం దగ్గర చెయ్యి కడుక్కుని, వెళ్ళి పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. నిన్న ఎప్పుడూ లేనిది ఆలస్యంగా, ఏడూ ఇరవై ఎనిమిదికి ఇంటికొచ్చారు. ప్యాంటు అంచులు తడిసి ఉన్నాయి, వాన కూడా లేదు. రాగానే టీవీ పెట్టారు. డ్యాన్సే. సౌండ్ ఫుల్‌గా పెట్టారు. పేపరు అడ్డం పెట్టుకున్నారు. లెక్కల పుస్తకం అడగలేదు.

ఇది నన్ను పట్టుకోవడానికి పరీక్షేమో అని నేను కదల్లేదు. ఎనిమిది దాకా కుర్చీలో అలాగే ఉన్నాను. మధ్యలో నాన్న రెండుసార్లు దగ్గారు. నేను ఇంకా గట్టిగా కూర్చున్నాను.

హాస్టల్‌కి ఏమేం తీసుకెళ్ళాలో పక్క సెక్షన్ అమ్మాయిని అడిగి లిస్టు రాసుకున్నాను. మొదటిదే బకెట్. అక్కడ ఆగిపోయాను.

రేపే శుక్రవారం. మీరు మంచివారే, మీ మీద నాకు కోపం లేదు.

ఇక సెలవు,
రెండు జడల అమ్మాయి

తా.క.: ఏడున్నరకి ఖాళీగా ఉండేవాళ్ళు ఈ వైపు ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. బకెట్లు చిన్నవే.

*

ప్రేక్షకుల ఉత్తరాల విభాగం వారికి,

నమస్కారం. మీ అనుమతి ఫారమూ, మా చిన్నమ్మాయి ఉత్తరాల కాపీలూ రెండు కవర్లలో అందాయి. ఫారం మీద సంతకం పెట్టలేదు. పెట్టకుండానే వెనక్కి పంపుతున్నాను. వ్యాను పంపితే మీ వ్యాను లైట్లు, హారను, బ్యాండువాళ్ళ డోలు అన్నీ కొలిచి కేసు రాయాల్సి వస్తుంది. రాస్తాను. ఈ కవరు పోస్టులో వేస్తే రేపటికి అందదని ఆఫీసు జీపులో పంపుతున్నాను. సొంత పనికి జీపు వాడటం కూడా ఇదే మొదలు.

మూడూ నాలుగూ నొక్కింది మా అమ్మ కాదు. ఆవిడకి రెండో ప్రశ్నే కాదు, మొదటిదీ సగమే వినపడుతుంది. నొక్కింది నేను.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు రాయికి ముద్ర వెయ్యలేదు. మీ పెట్టె దగ్గర మాత్రం ఏడాది పాటు రోజూ వేశాను. ఎందుకో చెప్తాను, ఇది మన మధ్యే ఉండాలి. అందరి ముందూ నోరు జారి ఒక మాటన్నాను. అన్నమాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు, ఎవరూ నేర్పలేదు. చిన్నది చెప్పులు చేత్తో పట్టుకుని వంటింటి తలుపులోంచి జారుకోవడం మొదటి వారంలోనే చూశాను. చూసినట్టు తెలిస్తే ఆపాలి. అందుకని చూడకుండా ఉండటానికి ఒక అరగంట కావాల్సి వచ్చింది. మీ సీరియల్ ఇచ్చింది. సీరియల్లో పడ్డవాడికి తలుపు కనపడదని లోకం ఒప్పుకుంటుంది.

పెట్టె చూసేవాడు నెలకోసారి వస్తాడు. నాలుగు వెలగకపోతే, పాప రోజూ ఆ టైముకి ఎక్కడుంటోందండీ అని నలుగురిలో అడుగుతాడు. అందుకని నాలుగు నొక్కాను. మూడు నొక్కాల్సిన పని లేదు, అయినా నొక్కాను. ఆ అరగంట నా పిల్లలిద్దరూ ఒక్కచోట ఉన్నారు. ఆ ముక్క ఎక్కడో ఒకచోట నమోదై ఉంటే బాగుండుననిపించింది.

మీరు దాన్ని చూసి సీరియల్ మార్చారు. తప్పుడు కొలత ఎంత దూరం వెళ్తుందో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. డ్యాన్స్ మొదలైన రోజు కంగారులో టీవీ కట్టేశాను. గుమ్మం దగ్గర చిన్నది, చేతిలో చెప్పులు. ఏమనాలో తోచక లెక్కల పుస్తకం అడిగాను. ఆ కుళాయిల లెక్క నాకు ఇప్పటికీ రాదు. నీళ్ళ సంగతి, బకెట్ల సంగతి అంతకుముందు తెలీదు. వెళ్తోందని మాత్రమే తెలుసు.

పాత సీరియల్ పెట్టినా, పెట్టకపోయినా ఏడున్నరకి టీవీ పెడతాను, పేపరు అడ్డం పెడతాను. నిన్న పెట్టాను. రెండుసార్లు దగ్గాను కూడా. మొండిది, కుర్చీకి అతుక్కుపోయింది. వెళ్ళొచ్చని మీరే ఎలాగో దానికి రాయండి. నేను చెప్పానని మాత్రం రాయొద్దు. నేనింకా పేపరు దించే దాకా రాలేదు.

ఇట్లు,
మూడో నంబరు, నాలుగో నంబరు బటన్ల తండ్రి

తా.క.: బీరువాలో ఏముందో ఒక కార్డు ముక్క రాసి పడేయండి. సగంలో ఆపేస్తే మనిషి ఏమైపోవాలి?

ఇంకో మాట: మెట్లు పదకొండని చిన్నది తప్పు రాసింది. పన్నెండు. మలుపులో ఒక సగం మెట్టుంది, అది పరుగులో దాటేసి ఉంటుంది. రెండు చేతుల్లో రెండు బకెట్లుంటే తెలుస్తుంది.